బూట్లు తడవకుండా తీసిన నీళ్ళు

నేను ఒకసారి టీవీలో హీరోనయ్యాను. ప్రకటనలు తీసేస్తే ఇరవై రెండు నిమిషాలు. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి, ఎండకి ఎదురుగా గాజు సీసా ఎత్తి పట్టుకుని కళ్ళు చిట్లించి చూసే తెల్లకోటు మనిషిని నేనే. మా వీధి పిల్లలు నెల రోజుల పాటు నేను కనబడితే చాలు, ఖాళీ సీసాలు ఎత్తి చూపించేవాళ్ళు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు దక్కిన కీర్తి అంతా ఆ ఒక్క ఎపిసోడే. అది కాస్తా నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

ఈ రోజుల్లో నేర పరిశోధన సీరియళ్ళు చూసి ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారట. రండి, మంచిదే. కానీ సీరియల్లో సీసా చూపిస్తారు, సీసా మీద అంటించిన చీటీ చూపించరు. నా కథంతా ఆ చీటీ దగ్గరే ఉంది.

మా ఆఫీసు ఏలూరులో రెండు గదులు. ఎక్కడైనా నేరం జరిగితే పోలీసుల వెంట వెళ్ళి ఆనవాళ్ళు సేకరించడం, చేతనైన పరీక్ష ఇక్కడే చేయడం, చేతకానిది పెద్ద ల్యాబుకి పంపడం, ఇదీ పని. నేనూ, ఒక ఫొటోగ్రాఫరూ, ఒక జీపూ. జీపు డ్రైవరుతో సహా ఇచ్చారు గానీ డీజిలు మాత్రం ఏ నెలకా నెల దేవులాడుకోవాల్సిందే. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేవాణ్ణి. ఫొటోగ్రాఫరు ఏలూరు మనిషి, తివాచీలు నేసే సాయిబుల కుటుంబం. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆయన నన్ను ఏవండీ అనేవారు, నేనూ ఆయన్ని ఏవండీ అనేవాణ్ణి. ఆయన తక్కువ మాట్లాడేవారు. మాట్లాడినప్పుడు వినాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులు. కొల్లేరు చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. గణపవరం దాటాక కొల్లేరు వైపు పోయే దారిలో ఒక చిన్న చెరువులో కాపలా మనిషి శవం తేలిందని కబురొస్తే వెళ్ళాం. అప్పటికే శవాన్ని గట్టు మీదికి లాగారు. చెరువు నిండా వెదురు కర్రలు పాతి, వాటికి చేపల మేత సంచులు కట్టి ఉన్నాయి. పొద్దున్నే చిన్న పడవ మీద వెళ్ళి సంచులు నింపడం ఆ మనిషి పని. కాలు జారి పడుంటాడని గట్టు మీద ఉన్నవాళ్ళందరూ అన్నారు. నాకూ అలాగే తోచింది. ఫొటోగ్రాఫరు నాలుగు ఫొటోలు తీశారు. నేను పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నాను. జీపెక్కి వచ్చేశాం.

నీళ్ళు తియ్యలేదు. నీళ్ళలో శవం దొరికితే మొదట తియ్యాల్సింది ఆ నీళ్ళు. ఇది నేనే ఎంతోమంది కొత్తవాళ్ళకి బల్ల గుద్ది చెప్పిన పాఠం. ఆ రోజు మాత్రం, ప్రమాదమే కదా, ఎందుకొచ్చిన శ్రమ అనుకున్నాను.

మర్నాడు శవపరీక్షలో డాక్టరుగారు తల వెనక దెబ్బ ఉందన్నారు. దాంతో ఇన్‌స్పెక్టరుగారు కదిలారు. టీ కొట్టు దగ్గర విచారిస్తే ఒక పేరు బయటికొచ్చింది. అతను వల లాగే మనిషి, ఆ పక్క ఊరివాడు. వలవాళ్ళు లుంగీల్లో చేపలు దాచుకుపోతున్నారని కాపలా మనిషి చెరువు ఆసామికి చెప్పడంతో ఇతన్ని వల లాగే ముఠాలోంచి తీసేశారు. "నిన్ను నీళ్ళలో తొక్కేస్తాను" అని పదిమంది ఎదుట అరిచాడట. శవం తేలింది ఆ మర్నాడే.

మూడో రోజు మళ్ళీ చెరువుకి వెళ్ళాం. గట్టంతా బురద. నా కాళ్ళకి కొత్త బూట్లు, మా ఆవిడ పెళ్ళిరోజుకి కొన్నవి. చెరువులోకి కాలవ నీళ్ళు వచ్చే తూము దగ్గర నాలుగు రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఆ రాళ్ళ మీద నిలబడి, వంగి, బూట్లు తడవకుండా సీసా ముంచి తీశాను. నా వెనక నిలబడ్డ ఫొటోగ్రాఫరు, "నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయేంటండీ?" అన్నారు. పొద్దుటెండకి అలా కనబడతాయి లెండి అన్నాను. ఆయన ఫొటో తీసుకున్నారు. నేను సీసాకి చీటీ అంటించి "ఘటనా స్థలపు నీరు" అని రాసి సంతకం పెట్టాను.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. చెరువు నీళ్ళలో కంటికి కనబడనంత చిన్న నాచు రకం ఒకటుంటుంది, డయాటమ్ అంటారు. దానికి గాజు లాంటి పెంకు ఉంటుంది. మనిషి బతికుండగా మునిగిపోతే, ఊపిరితో నీళ్ళు లోపలికి పోయి, ఆ పెంకులు రక్తంలో కలిసి ఎముక మూలుగ దాకా చేరతాయి. చనిపోయాక నీళ్ళలో పడేస్తే అక్కడిదాకా చేరవు. ఒక్కో నీటిలో ఒక్కో రకం పెంకులు ఎక్కువగా ఉంటాయి. మూలుగలో ఉన్నవాటినీ నీళ్ళలో ఉన్నవాటినీ మైక్రోస్కోపు కింద పోల్చి, మనిషి ఎక్కడ మునిగాడో చెప్పడానికి ప్రయత్నిస్తాం. నేను చదివింది వృక్షశాస్త్రం, అందులోనూ నాచులంటే నాకు పిచ్చి. అందుకే ఆ పోలిక పని మా ఆఫీసులోనే నేనే చేశాను.

మూలుగలో పెంకులు బోలెడు. అంటే బతికుండగానే మునిగాడు. కానీ నా సీసాలో ఉన్న రకాలు వేరు. అవి పారే నీళ్ళలో ఉండేవి. మూలుగలో ఉన్నవి ఎరువు బాగా పడ్డ నిలవ నీళ్ళవి. అంటే ఈ చెరువులో మునగలేదు, ఇంకెక్కడో ముంచి తెచ్చి ఇందులో పడేశారు. ఆ మాట చెప్పగానే ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. వల లాగే మనిషి పెరట్లో బాతులు పెంచే గుంట ఒకటి ఉందట. మర్నాడే వెళ్ళి ఆ గుంటలో నీళ్ళు తెచ్చాను. చూస్తే అచ్చం మూలుగలో ఉన్న రకాలే. ఒళ్ళు పులకరించింది నాకు. శవాన్ని అంత దూరం ఎలా మోసుకెళ్ళాడన్నది పోలీసుల తలనొప్పి, నాది కాదు అనుకున్నాను. ఒక్క ఊపున రిపోర్టు రాసిచ్చాను. ఆ సాయంత్రమే అతన్ని పట్టుకెళ్ళారు. బాతులకి తవుడు కలుపుతున్నవాణ్ణి చేతులు కూడా కడుక్కోనివ్వలేదని తరవాత విన్నాను.

అతను రిమాండులో ఉండగానే, ఈ కథ ఎవరి నోటో పడి ఒక టీవీ చానెలు దాకా పోయింది. వారం వారం ఒక కేసు తీసుకుని సీరియల్లా తీసేవాళ్ళు వాళ్ళు. హైదరాబాదు నుంచి వ్యానేసుకుని వచ్చారు. మా మైక్రోస్కోపు చూసి డైరెక్టరు మొహం ముడుచుకుని, ఒక కాలేజీ నుంచి పెద్దది తెప్పించాడు. మా ఆఫీసులో తెల్లకోటన్నదే లేదు, అదీ కొన్నారు. అసలు చెరువు అప్పటికే చేపల పట్టుబడి అయిపోయి ఎండి ఉంది. అందుకని అరమైలు అవతల ఇంకో చెరువు చూశారు. నీళ్ళు పచ్చగా, చూస్తే భయం పుట్టేలా ఉండాలన్నాడు డైరెక్టరు. నన్ను ఏడుసార్లు నీళ్ళలోకి దింపాడు. కేసు కోసం తడవని కాళ్ళు కెమెరా కోసం ఏడుసార్లు తడిశాయి. చివర్లో ఒక డైలాగు కూడా ఇచ్చాడు, నీళ్ళు అబద్ధం చెప్పవు అని. ఎంత ఠీవిగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా ఫొటోగ్రాఫరు చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడి అంతా చూశారు.

నిందితుడి వేషానికి గుబురు మీసాల నటుణ్ణి పెట్టారు. పేర్లు మార్చారు. కానీ బాతుల గుంట అసలుదే, దాని వెనక ఇల్లూ అసలుదే. ఆ చుట్టుపక్కల చెరువుల మీద పని చేసేవాళ్ళకి అది ఎవరిల్లో తెలియకపోవడమేమిటి?

ఆదివారం ఎపిసోడ్ వేశారు. సోమవారం పాసింజరు రైల్లో నాకు కిటికీ పక్క సీటిచ్చారు. మా పైఅధికారి ఫోను చేసి మెచ్చుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు స్వీటు పెట్టె పంపించారు. కొమ్ములు మొలిచినట్టు తిరిగాను ఆ రెండు రోజులూ.

మంగళవారం పదకొండు గంటలప్పుడు ఒకావిడ వచ్చి గుమ్మం బయట నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. చెప్పులు బయట విడిచింది. మెడలో నల్లతాడుకి చిన్న శిలువ. వల లాగే మనిషి భార్యనని చెప్పింది. నా దగ్గరికి ఎందుకొచ్చి ఉంటుందో నాకు తెలుసనుకున్నాను. ఇందులో మా చేతిలో ఏమీ లేదమ్మా, కోర్టు చూసుకుంటుంది అని ఇలాంటివాళ్ళకి చెప్పే మాట నా నోట్లో సిద్ధంగా ఉంటుంది. అదే అనబోయాను.

"వదిలెయ్యమని అడగడానికి రాలేదండి," అంది. "ఒక్క మాట తెలుసుకుందామని వచ్చానండి. టీవీలో మీరు పచ్చనీళ్ళు తీశారండి. మా చెరువులోంచి మీరు నిజంగా తీసిన నీళ్ళు ఏ రంగండీ?"

చెరువు నీళ్ళు చెరువు నీళ్ళ రంగే కదమ్మా అన్నాను.

"కాదండి. శవాన్ని తీసిన సాయంత్రమే తూమెత్తేశారండి. రెండు ఇంజన్లు పెట్టి ఉన్న నీళ్ళు మురుక్కాలవలోకి తోడేసి, పెద్ద కాలవ నీళ్ళు ఎక్కించారు. ఆ చెరువులో కూలికి సున్నం చల్లింది నేనేనండి. మర్నాడు పొద్దు పొడిచిన కాణ్ణించి చల్లేను."

అరచేతులు చాపింది. సున్నానికి చర్మం పగిలి, పగుళ్ళు తెల్లగా ఉన్నాయి.

చెరువుల మీద పనిచేసేవాళ్ళెవరికైనా ఇది తెలిసిన సంగతే. చెరువులో శవం తేలితే ఆ నీళ్ళు మైలపడ్డాయంటారు. అవి తోడెయ్యకపోతే ఆ చెరువు చేప బేరానికి ఎవరూ రారు. ఆసామికి పది రోజుల్లో పట్టుబడి ఉంది. శవం సంగతి మార్కెట్టు దాకా పోకూడదని గుట్టుచప్పుడు కాకుండా నీళ్ళు మార్పించి, శుద్ధికని సున్నం చల్లించి, కూలీలకి నోరు విప్పొద్దని చెప్పాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, నాకేం తెలుస్తుంది అనుకుంటారేమో. తెలియకపోవడం తప్పు కాదు. మూడు రోజుల్లో రెండుసార్లు ఆ గట్టు మీదికి వెళ్ళి, అక్కడ పనిచేసే ఒక్క మనిషినీ పలకరించకపోవడం తప్పు.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. గట్టిగానే అడిగాను, ఇంకా తగ్గలేదు నేను.

"మమ్మల్నెవరూ అడగలేదండి. నీళ్ళకీ మా ఆయనకీ ఏం సంబంధమో మాకేం తెలుసండి? మొన్న టీవీలో ఈ నీళ్ళూ ఆ నీళ్ళూ పోల్చి చూశాం అన్నారు కదా, అప్పుడర్థమైందండి." తన అరచేతుల వైపు చూసుకుంది. "అంటే మా ఆయన్ని లోపల వేయించింది నా చేతులేనండీ?"

లేచి బీరువా తీశాను. పరీక్షకి వాడిన ప్రతి నీటిలోనూ సగం దాచి ఉంచడం మా పద్ధతి. చెరువు సీసా తీసి బల్ల మీద పెట్టాను. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున వేలి మందాన తెల్లటి మడ్డి. పక్కన బాతుల గుంట సీసా పెట్టాను. అది పచ్చగా ఉంది. ఆవిడ మొదటి సీసాని చూసింది. ముట్టుకోలేదు. సున్నం, అని మాత్రం అంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు కొంత తేలిగ్గా ఉండేది. చూస్తానమ్మా, నేను చూస్తాను అని ఏదో గొణిగి పంపించాను.

ఆవిడ వెళ్ళాక ఫొటోగ్రాఫరుగారు అడక్కుండానే ఫైలు తెచ్చి, మొదటి రోజు ఫొటోలూ మూడో రోజు ఫొటోలూ పక్కపక్కన పరిచారు. మొదటి రోజు మేత సంచుల అడుగు భాగం నీళ్ళలో మునిగి ఉంది. మూడో రోజు అవే సంచులు నీటికి జానెడు పైన గాల్లో వేలాడుతున్నాయి. గట్టు పొడుగునా సన్నటి తెల్లచార. ఈ ఫొటోలు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రిపోర్టుకి జతచేసింది కూడా నేనే. నా కళ్ళు ఏ గాడిదలు కాయడానికి వెళ్ళాయో మరి!

ఆ రోజే అడిగాను కదండీ అని ఆయన అనొచ్చు. అనలేదు. అందుకు నేను జన్మంతా ఆయనకి రుణపడి ఉన్నాను. వాళ్ళ నాన్న తివాచీ నేసేటప్పుడు ఒక ముడి తప్పు పడితే, అది ఎన్ని వరసల కింద ఉన్నా సరే, అక్కడిదాకా విప్పేసేవాడట. విప్పుదామా అండీ అన్నారు.

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టి, ఉంగుటూరు దాకా బస్సులోనూ అక్కణ్ణించి ఆటోలోనూ వెళ్ళి, ఆ చుట్టుపక్కల, ఆ చెరువులోలాగే కోళ్ళ ఎరువు వేసే ఐదు చెరువుల్లో నీళ్ళు తెచ్చాం. ఈసారి బూట్లు విప్పి దిగాను. రెండు రోజులు మైక్రోస్కోపు మీదనుంచి లేవలేదు. ఐదుకి ఐదూ మూలుగతో సరిపోయాయి, బాతుల గుంట ఎంత సరిపోయిందో అంత. కోళ్ళ ఎరువు పడ్డ నీళ్ళలోనూ బాతుల పెంట పడ్డ నీళ్ళలోనూ పెరిగేవి ఒకే రకాలు. ఆ కాపలా మనిషి తన చెరువులోనే మునిగి ఉండొచ్చు. నా రిపోర్టు మనిషిని ఉరికంబం దాకా తీసుకెళ్ళగల కాగితం, దానికింద ఏమీ లేదు. భయం వేసింది, నిజం చెబుతున్నాను, అతని కోసం కొంత, నా కోసం కొంత.

కోర్టులో నా సాక్ష్యానికి ఇంకా తొమ్మిది రోజులుంది. జరిగిందంతా రాసి పైఅధికారికి పంపాను. ఉత్తరం తిరిగొచ్చింది. వెనకాలే ఫోను. కోర్టులో అడిగితే చెప్పండి, అడక్కుండా ఉపన్యాసాలివ్వకండి అన్నారు. నా ప్రమోషను కాగితాలు అప్పుడు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వచ్చారు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. నిందితుడి పెళ్ళాం మాట పట్టుకుని కేసు నీళ్ళపాలు చేస్తారా గురువుగారూ అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అతను చంపాడనే ఆయన నిజంగా నమ్మారు. నమ్మించింది నేనేగా!

మీ లాయరుకి సున్నం సంగతి చెప్పమని ఆవిడకి కబురు పెట్టాను. కోర్టువారు ఇచ్చిన లాయరు ఆయన. చూద్దాంలే అన్నాడట.

ఆ రోజు కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అతన్ని నేను దగ్గరగా చూడటం అదే మొదలు. టీవీలో గుబురు మీసాల మనిషి కాదు. బక్కపలచటివాడు, వల తాళ్ళు లాగి లాగి భుజాలు ముందుకి వంగిపోయి ఉన్నాయి. అతని భార్య చివరి బల్ల మీద కూర్చుంది. ప్రాసిక్యూటరు అడిగినవన్నీ చెప్పాను. రిపోర్టు నాదేనా? నాదే. సంతకం? నాదే. బాతుల గుంట నీటితో పోలిందా? పోలింది. తరవాత డిఫెన్సు లాయరు లేచాడు. ఈ పరీక్ష నూటికి నూరు పాళ్ళూ ఖాయమా అని అడిగాడు. ఏ పరీక్షా కాదన్నాను. అంతే, కూర్చున్నాడు. నీళ్ళు ఎప్పుడు తీశారని అడగలేదు. ఎక్కడ నిలబడి తీశారని అడగలేదు. ఆవిడ చెప్పింది మరిచిపోయాడో, నమ్మనేలేదో తెలియదు.

జడ్జిగారు ఇక దిగమన్నట్టు చెయ్యి ఊపారు. నేను బోను కర్ర వదల్లేదు. దిగిపోవచ్చు. అడగలేదు, కాబట్టి చెప్పలేదు. పైఅధికారి మాట నిలబెట్టినట్టూ అవుతుంది, చట్టం తప్పినట్టూ కాదు. వెనకబల్ల మీద ఆవిడ నావైపే చూస్తోంది, అరచేతులు ఒళ్ళో పెట్టుకుని.

"అయ్యా, నేను ఇంకొక మాట చెప్పాలండి," అన్నాను.

ప్రాసిక్యూటరు లేచి అభ్యంతరం చెప్పారు. మిమ్మల్నెవరూ ఏమీ అడగలేదు కదండీ అన్నారు జడ్జిగారు.

"ఎవరూ ఎవర్నీ అడగకపోవడం వల్లే ఇంతదాకా వచ్చిందండి."

జడ్జిగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, చెప్పమన్నారు. చెప్పాను. మొదటి రోజు నీళ్ళు తియ్యకపోవడం, మూడో రోజు తూము దగ్గర రాళ్ళ మీద నిలబడి తియ్యడం, మార్చిన నీళ్ళు, సున్నం, గాల్లో వేలాడే సంచులు, ఐదు చెరువులు. మధ్యలో ప్రాసిక్యూటరు నన్ను ఎదురుతిరిగిన సాక్షిగా ప్రకటించమని కోరారు. సర్వీసులో నా రిపోర్టులు ఎంతమందిని బోనెక్కించాయో, చివరికి నేనే ఎదురుతిరిగిన సాక్షినయ్యాను.

అయితే మీ రిపోర్టు తప్పంటారా అని అడిగారు జడ్జిగారు.

"మైక్రోస్కోపులో చూసింది తప్పు కాదండి. సీసా మీద చీటీ తప్పు. అది ఘటనా స్థలపు నీరు కాదు, కాలవ నీరు. ఆ చీటీ రాసింది నేనే."

తరవాతి వాయిదాల్లో ఫొటోగ్రాఫరుగారు ఫొటోలతో వచ్చారు. ఆవిడ వచ్చింది. ఆసామి మొదట కాదని, ఇంజన్లు అద్దెకిచ్చినవాడు వచ్చేసరికి ఔనన్నాడు. రెండు నెలల్లో వల లాగే మనిషిని విడిచిపెట్టారు. నాకు ఒక మెమో వచ్చింది, ప్రమోషను రెండేళ్ళు వెనక్కి పోయింది. పాసింజరు రైల్లో కిటికీ సీటు మళ్ళీ ఎవరు ముందొస్తే వాళ్ళదే. ఇంతటితో అయిపోయిందనుకున్నాను.

నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చానెలువాళ్ళు ఆ ఎపిసోడ్ ఆదివారం మధ్యాహ్నాలు మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. ఆపమని నేను అప్పటికే ఉత్తరం రాశాను. పేర్లు మార్చాం కాబట్టి అది ఎవరి కథా కాదని జవాబిచ్చారు. ఊళ్ళో అతని బాతుగుడ్లు ఎవరూ కొనడం లేదట. ఆ గుంట పక్కనుంచి పిల్లల్ని పోనివ్వడం లేదట. వల ముఠాలో ఎవరూ చేర్చుకోలేదు.

"కోర్టులో చెప్పారండి, మీ మేలు మరవమండి," అంది. "కానీ మా ఊళ్ళోవాళ్ళు కోర్టుకి రాలేదండి. అందరూ టీవీయే చూశారు. వచ్చే ఆదివారం మళ్ళీ వేస్తారంటండి. మా ఊరొచ్చి చెప్పరా అండీ?"

కోర్టుకి వెళ్ళిన రోజుకన్నా ఆ ఆదివారం నాకు ఎక్కువ భయం వేసింది. ఎందుకంటే అక్కడ జడ్జీ ఉండడు, బోనూ ఉండదు, పట్టుకోవడానికి కర్ర కూడా ఉండదు. ఫొటోగ్రాఫరుగారు నేను పిలవకుండానే స్టేషను దగ్గర నాకోసం నిలబడి ఉన్నారు.

ఆ ఊళ్ళో చర్చి పక్కింటి అరుగు మీద టీవీ పెట్టారు. ఆరాధన అయిపోయి వచ్చినవాళ్ళు నలభైమంది దాకా కింద చాపల మీద కూర్చున్నారు. టీవీలో నేను మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగుతున్నాను. వాళ్ళు ఆ నన్నూ, ఈ నన్నూ మార్చి మార్చి చూశారు. టీవీలో నేను నీళ్ళు అబద్ధం చెప్పవు అంటుండగా, అరుగెక్కి, టీవీ గొంతు తగ్గించమన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. కొత్త బూట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. తల తీసేసినట్టయింది గానీ ఒక్క ముక్క దాచలేదు. ఈమె సున్నం చల్లిన సంగతి మీలో సగంమందికి తెలుసు, నన్ను పలకరించిన పాపాన మీరు పోలేదు, మిమ్మల్ని పలకరించిన పాపాన నేనూ పోలేదు అన్నాను. మధ్యలో ఒక పెద్దాయన లేచి, మరి టీవీవాళ్ళు లేనిపోనిది ఎందుకు చూపించారండీ అని అడిగాడు.

"వాళ్ళకి చెప్పింది నేనేనండి," అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆవిడ దగ్గర ఆగి ఏదో మాట్లాడారు. ఆవిడ భర్త అంతసేపూ గోడవార గొంతుకూర్చుని ఉన్నాడు. మేము బయల్దేరితే లేచి, రోడ్డు దాకా మాతో నడిచాడు.

"ఒకటి అడుగుతానండి," అన్నాడు నడుస్తూ. "ఆడు కాపలాకి కుదరకముందు నాతో పదేళ్ళు వల లాగినోడండి. తిట్టుకున్నాం, కొట్టుకున్నాం, మళ్ళీ ఒకే కంచంలో తిన్నాం. ఆడు ఎలా పోయాడంటారు?"

నా బుర్రలో బోలెడు జవాబులున్నాయి. పడవ ఒరిగి ఉంటుంది, తల వెదురు కర్రకి కొట్టుకుని ఉంటుంది, కళ్ళు తిరిగి ఉంటాయి. అన్నీ ఊహలే. చెప్పగలిగిన నీళ్ళు ఆ సాయంత్రమే మురుక్కాలవలో కొల్లేరు చేరిపోయాయి.

"తెలియదండీ," అన్నాను.



"ఆ మాట మీరు ముందే అనుంటే బాగుండేదండి," అన్నాడు. అందులో కోపం లేదు.

గణపవరం వైపు పోయే ఆటో వస్తుంటే చెయ్యెత్తి మాకోసం ఆపింది కూడా అతనే.